పుల్లయ్య తీసిన తరుగు

విజయవాడ వన్ టౌన్‌లో బెల్లం, చింతపండు, మిరపకాయలు తూచే కాటా పక్కన ముప్పై ఏళ్ళు నిలబడ్డవాడికి లోకంలో ప్రతిదీ ఎంతో కొంత బరువుగానే కనిపిస్తుంది. పుల్లయ్య పెళ్ళిచూపులకు వెళ్ళిననాడు అమ్మాయి ఎలా ఉందిరా అని వాళ్ళ మేనమామ చెవిలో అడిగితే, "నాలుగు మణుగులు, వీశె తక్కువ" అన్నాడు. ఆ మాట గది అవతల ఉన్న మణెమ్మ చెవిన పడనే పడింది. పెళ్ళయి పాతికేళ్ళు దాటినా, ఇద్దరు కూతుళ్ళు అత్తారిళ్ళకు వెళ్ళిపోయినా, ఆ వీశె తక్కువ సంగతి ఆవిడ ఇంకా క్షమించలేదు.

డెబ్బై నాలుగులో కొట్టు యజమానులు అన్నదమ్ములు విడిపోయి గోడౌనుకు తాళం వేసుకున్నారు. పుల్లయ్య ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరికే ఉండక, వంకాయ బరువెంతో, పిల్లి బరువెంతో చేతిలోకి తీసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. భరించలేక మణెమ్మ తాను వంట చేసే ఆసుపత్రిలో బతిమాలి ఆయనకో పని ఇప్పించింది. కాలవ గట్టున చిన్న పిల్లల ఆసుపత్రి అది. వంటగది పద్దెనిమిదేళ్ళుగా మణెమ్మదే. అలా యాభై రెండేళ్ళ వయసులో పుల్లయ్య వార్డు బాయ్ అయ్యాడు.

ఆ వానాకాలంలోనే రమాసుందరి గారనే కొత్త డాక్టరమ్మ వచ్చారు. సన్నగా, చురుగ్గా, ఎప్పుడూ గడియారం వంక చూస్తూ ఉండే మనిషి. అంతకుముందు పెద్ద డాక్టరు జానకిరామయ్య గారు వార్డుకు తీరిక చూసుకుని వచ్చేవారు. తీరిక ఒక్కోరోజు పన్నెండింటికి గానీ దొరికేది కాదు. కొత్త డాక్టరమ్మ సరిగ్గా ఎనిమిది కొట్టేసరికి గుమ్మంలో ఉండేది. వచ్చిన నెలకు ఆవిడకో సంగతి కనిపించింది. పిల్లలకు జ్వరం తగ్గుతోంది, విరేచనాలు కడుతున్నాయి, దగ్గు పోతోంది. పిల్లలు మాత్రం వచ్చినప్పటికంటే బక్కగా ఇంటికి వెళ్తున్నారు.

"ఇకనుంచి ప్రతి సోమవారం అందరినీ తూచాలి" అని, కొత్త కాటా తెప్పించింది.

తెల్లటి పళ్ళెం, దాని కింద అటూ ఇటూ జరిపే గుండు, నికెల్ మెరుపు. పుల్లయ్య దాన్ని, పాత కొట్టు నుంచి తెచ్చి దాచుకున్న కిలో రాళ్ళతో సరిచూశాడు. గ్లాసులో నీళ్ళు పోసి బల్ల మట్టంగా ఉందో లేదో చూశాడు. ఒక చుక్క నూనె వేశాడు. ఆ తరువాత ఆ కాటా మీద ఇంకెవరి చెయ్యీ పడనివ్వలేదు.

పుల్లయ్య తూచి చెప్పడం, నర్సు రూతమ్మ రాసుకోవడం. మొదటి సోమవారం మొదటి మంచం పిల్లాణ్ణి పళ్ళెంలో పెట్టి పుల్లయ్య గొంతెత్తి "లాభం!" అన్నాడు.

రూతమ్మ కలం ఆపింది. "ఏం లాభం?"

"ఒకటో నంబరండీ. మా కాటా దగ్గర ఒకటి అనం. లాభం అంటాం. తరవాత రెండు, మూడు మామూలే."

"ఇది ఆసుపత్రి పుల్లయ్యా."

"అయితే మాత్రం నష్టం అంటామాండీ?"

రూతమ్మ నవ్వుకుని ఊరుకుంది. ఊరుకోకుండా ఇంకో ప్రశ్న వేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఎందుకంటే పుల్లయ్య చెప్పే అంకె కాటా మీది అంకె కాదు.

మిరపకాయల బస్తా కాటా ఎక్కితే గోనె కూడా ఎక్కుతుంది. గోనె బరువు కాయల కింద లెక్కేస్తే కొనేవాడు మునుగుతాడు. అందుకని మంచి కాటాదారు గోనెకింత, తేమకింత, తాలు కాయలకింత అని మనసులోనే తీసేసి మిగిలినదే పైకి చెబుతాడు. తీసేసేది తరుగు, మిగిలేది నికరం. తరుగు తీయకుండా చెప్పేవాణ్ణి వన్ టౌన్‌లో దొంగ అంటారు. ముప్పై ఏళ్ళలో పుల్లయ్య తూచిన బస్తా ఒక్కటి కూడా తిరుగు తూకానికి రాలేదు.

మరి పిల్లలు ఎలా వస్తారు కాటా మీదికి? జలుబు చేస్తుందని ఒకదానిమీద ఒకటి రెండు గౌన్లు. ఊలు టోపీ. వెండి మొలతాడు, కాళ్ళకు కడియాలు, మెళ్ళో తాయెత్తో సిలువో. కింద తడిసిన గుడ్డ. పుల్లయ్య ఒక్కసారి పైనుంచి కిందికి చూసి, గౌన్లకింత, వెండికింత, తేమకింత అని తీసేసి నికరం చెప్పేవాడు. నాలుగు వందల గ్రాములు ఇట్టే పోయేవి.

కింద ఓపీలో, పిల్లలను చేర్చుకునే రోజున తూచే నర్సుకు ఈ విద్య తెలియదు. గౌను, టోపీ, కడియాలు అన్నీ కలిపి ఎంత ఉంటే అంత రాసేది.

మూడు సోమవారాలు గడిచాయి. డాక్టరమ్మ గళ్ళ కాగితం మీద ఎర్ర సిరాతో గీతలు గీసింది. ఇరవై రెండు మంచాల్లో పంతొమ్మిది గీతలు కిందికే దిగాయి. చల్లపల్లి దగ్గర్నుంచి టైఫాయిడ్‌తో వచ్చిన సుబ్బరత్నం అనే నాలుగేళ్ళ పిల్ల చేరిననాడు పన్నెండు కిలోల నాలుగు వందలు. ఇప్పుడు పదకొండు కిలోల ఏడు వందలు.

మంగళవారం డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని వంటగదికి వచ్చింది. జానకిరామయ్య గారిని కూడా వెంటబెట్టుకొచ్చింది.

"మణెమ్మా, రోజూ పాలు ఎన్ని, ఉప్మా ఎంత?"

"పాలు పద్నాలుగు కిలోలు, ఉప్మా తొమ్మిదండమ్మా."

"అన్నీ వార్డుకు వెళ్తున్నాయా?"

"మా ఇంటికెళ్తాయా అమ్మా?"

"అయితే ఎవరు తింటున్నారు పిల్లల తిండి?" అంది డాక్టరమ్మ. గట్టిగానే అంది. అంట్లు తోమే మనిషి, పాలు పోసే శౌరయ్య, కూరగాయల బండివాడు అందరూ విన్నారు.

జానకిరామయ్య గారు మెత్తటి మనిషి. ఏ గొడవ వచ్చినా "చూద్దాం" అనేవారు. కానీ ఆ రోజు ఎర్ర గీతలు చూసి భయపడ్డారు కాబోలు, "వచ్చే సోమవారం నుంచి హోటలు వాళ్ళకు అప్పజెబుదాం. నువ్వు శనివారం తాళాలు ఇచ్చెయ్ మణెమ్మా" అన్నారు.

సాయంత్రం మణెమ్మ ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించలేదు. పుల్లయ్య నులకమంచం మీద బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, తూచింది నువ్వేగా?"

"నేనే."

"నిజంగా తగ్గారా పిల్లలు? ఆ చల్లపల్లి పిల్ల ఏడొందలు తగ్గిందా?"

"కాటా అబద్ధం ఆడుద్దా మణీ? నికరంగా చెబుతున్నా."

"నికరమేంటి మధ్యలో?"

"ఆ పిల్ల కాళ్ళకి కడియాలు చూశావా? ఒక్కోటి ఎంత ఉంటదనుకున్నావ్! పైన రెండు గౌన్లు. అవి పిల్ల బరువులో ఎట్టా కలుపుతాం? తీసేశా."

"తీసేసి?"

"తీసేసి చెప్పా. తరుగు."

"కింద ఓపీలో తూచే ఆ నర్సమ్మ తీసుద్దా తరుగు?"

ఈ మాట పుల్లయ్యకు ఇంతవరకు తట్టలేదు. "ఆమెకేం తెలుసే కాటా పని. చిన్నపిల్ల."

"అంటే కింద గోనెతో సహా తూచారు. పైన నువ్వు గోనె తీసేసి తూచావు. మధ్యలో పోయిందంతా నా వంటగదిలో పోయింది!"

"అట్టా అంటే..."

"ఎట్టా అంటే ఎట్టా? నీ తరుగు తగలెయ్య! పద్దెనిమిదేళ్ళు నిప్పులాగా చేసుకున్న పని. మొగుడివై ఉండి నా మొహాన దొంగ అని రాయించావు గదయ్యా!"

"నేనేమన్నా కావాలని..."

"నాకేం చెప్పొద్దు. చెప్పేదేదో ఆ డాక్టరమ్మకి చెప్పు. అప్పటిదాకా నాతో మాట్లాడకు."

చెప్పడం ఏమంత పని? అయిదు నిమిషాలు. కానీ పుల్లయ్య వల్ల కాలేదు. తిరుగు తూకం ఎరగని మనిషి, తన నోటితో తాను తప్పు తూచానని చెప్పాలి. పైగా అది తప్పు కూడా కాదని లోపల ఇంకా అనిపిస్తూనే ఉంది.

బుధవారం డాక్టరమ్మ గది ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మంది. గొంతులో మాట అడ్డం పడి దగ్గు వచ్చింది. ఆవిడ నాలుక చాపమని, లైటు వేసి చూసి, ఎర్ర మాత్రలు పది చేతిలో పెట్టి పంపించింది. గురువారం మళ్ళీ వెళ్ళాడు. చేతులు వణుకుతున్నాయి. ఆవిడ కుర్చీలో కూర్చోబెట్టి రక్తపోటు చూసి, "ఉప్పు తగ్గించు పుల్లయ్యా, ఊరగాయలు మానెయ్" అంది. ఇంటికి వెళ్తే మణెమ్మ మూగనోము. పళ్ళెం పెట్టడం, తీయడం, అంతే. శుక్రవారం నాటికి ఇంకోసారి వెళ్తే మంచం ఎక్కించి సూది వేస్తారని భయపడి, గుమ్మంలోనే నిలబడి గబగబా మొత్తం చెప్పేశాడు.

డాక్టరమ్మకు మొదట అర్థం కాలేదు. మిరపకాయల బస్తా నుంచి మొదలుపెట్టి మళ్ళీ చెప్పాడు. ఆవిడ మొహం ఎర్రబడింది. తరువాత పెదవి బిగబట్టి కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతుంటే, కోపమో నవ్వో పుల్లయ్యకు తెలియలేదు.

"ఎవరికెంత తీశావో గుర్తుందా?"

"గుర్తుండకేం అమ్మగారూ! లాభానికి మూడు వందలు, రెండుకి నాలుగు వందల యాభై, మూడో మంచం పిల్లాడికి తేమ ఎక్కువ, అయిదొందలు..." ఇరవై రెండు మంచాలూ కళ్ళు మూసుకుని అప్పజెప్పాడు.

డాక్టరమ్మ అప్పటికప్పుడు రూతమ్మను పిలిచి, పిల్లలకు చేరిననాటి బట్టలే వేయించి, కడియాలతో సహా మళ్ళీ తూయించింది. ముప్పై ఏళ్ళలో మొదటి తిరుగు తూకం. పుల్లయ్య తల వంచుకుని, కాటా ఏం చూపితే అదే చెప్పాడు. ఎర్ర గీతలు సగం పైకి లేచాయి. సగమే. సుబ్బరత్నం పన్నెండు కిలోల నూరు గ్రాములు. ఇంకా మూడు వందలు తక్కువ. తక్కిన పిల్లలూ అంతే.

"చూశావా?" అంది డాక్టరమ్మ. ఇప్పుడు ఆవిడ గొంతులో నవ్వు లేదు. "సగం నీ తరుగు. సగం నిజం. జ్వరం తగ్గిన పిల్ల ఇలా చిక్కిపోతుంటే రేపు ఇంకో జబ్బు వస్తే తట్టుకుంటుందా? ఆ సగం ఎక్కడ పోతోంది మరి?"

"మణెమ్మ దగ్గర కాదమ్మగారూ."

"నీ భార్య కాబట్టి అంటున్నావు."

"కాదమ్మా. మాకు సరుకు కొట్టు గుమ్మం దాటేటప్పుడు ఒకసారి తూస్తారు, చేరిన చోట ఒకసారి తూస్తారు. తేడా వస్తే బండి వచ్చిన దారంతా వెతుకుతారు. మీరు సరుకు తూయకుండా కొట్టు మనిషిని పట్టుకున్నారు."

అనేసి తానే భయపడ్డాడు. డాక్టరమ్మ చేతిలోని గళ్ళ కాగితం మడిచింది. "సరే, రేపు తూచు" అంది.

శనివారం ఏడున్నరకు వంటగది గుమ్మంలో కాటా పెట్టాడు. మణెమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. మొగుడితో మాట్లాడటం లేదు గనుక పాల శౌరయ్యతో మాట్లాడింది.

"శౌరయ్యన్నా, డబ్బా బరువు కూడా చూసుకోమను ఆ పెద్దమనిషిని. లేకపోతే డబ్బా కూడా నేనే తిన్నానంటారు."

"చూసుకుంటానని చెప్పు శౌరయ్యా" అన్నాడు పుల్లయ్య.

"నన్నెందుకయ్యా మధ్యలో నలుపుతారు" అన్నాడు శౌరయ్య.

విడతలు విడతలుగా తూస్తే పాలు పద్నాలుగు, ఉప్మా తొమ్మిది. ఇరవై మూడు కిలోలు నికరంగా గుమ్మం దాటాయి. పుల్లయ్య డబ్బాల వెనకే వార్డుదాకా నడిచాడు. దారిలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. మంచం మంచానికీ గ్లాసు, గిన్నె వచ్చాయి. పాలు పొగలు కక్కుతున్నాయి. సుబ్బరత్నం తల్లి వెంకటరత్నమ్మ గ్లాసు ఊదుతూ కూతురి మూతి దగ్గర పెట్టబోయింది.

అప్పుడు రూతమ్మ గంట కొట్టింది. ఎనిమిదికి అయిదు నిమిషాలు.

"రౌండ్సు టైమయింది! గ్లాసులు కిందకి! దుప్పట్లు సర్దండి! తల్లులందరూ వరండాలోకి! డాక్టరమ్మ గారికి వార్డు అద్దంలా ఉండాలి!"

ఇరవై రెండు గ్లాసులు, ఇరవై రెండు గిన్నెలు మంచాల కిందకు పోయాయి. ఈ గంట పుల్లయ్య రోజూ వింటున్నదే. ఈ రోజు చూశాడు.

డాక్టరమ్మ ఎనిమిదింటికి వచ్చింది. శ్రద్ధగల మనిషి కదా, ఒక్కో మంచం దగ్గర అయిదారు నిమిషాలు. గుండె విని, పొట్ట నొక్కి, గొంతు చూసి, ఈ జబ్బు ఎందుకొస్తుందో రూతమ్మకు పాఠం చెప్పి, పక్క మంచానికి. పదిన్నర అయ్యేసరికి పాల మీద మీగడ తోలులా బిగిసింది. ఉప్మాను గరిటెతో కొడితే శబ్దం వస్తోంది. పొట్టలు నొక్కించుకున్న పిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు. తల్లులు వచ్చి, నిద్రలోనే కొన్ని గుక్కలు, రెండు ముద్దలు పెట్టి, పిల్లలు తల తిప్పుకుంటే, చల్లటి పాలు రొంప చేస్తాయని పాలు, ఉప్మా మిగిలిందంతా మూలనున్న బకెట్లో పోశారు. ఆ బకెట్ రోజూ శౌరయ్య గేదెకు వెళ్తుంది. ఆ చుట్టుపక్కల ఈ రెండు నెలల్లో ఒళ్ళు చేసింది అదొక్కటే.

డాక్టరమ్మ వార్డు చివర బల్ల దగ్గర మందులు రాస్తుండగా వెనక పెద్ద చప్పుడయింది.

"ఏసయ్యా! పిల్లల కాటా మీద కుడితి బకెట్టా!" అని రూతమ్మ కేక.

పుల్లయ్య గుండు జరుపుతున్నాడు. జరిపి, నిలబడి, వన్ టౌన్ వీధి మొత్తం వినేంత గొంతుతో రాగం తీశాడు. "కాటా పద్నాలుగూ ఎనిమిది వందలు! బకెట్ కిలో రెండు వందలు పోనూ, నికరం పదమూడు కిలోలా ఆరు వందలూ!"

నిద్రపోయిన పిల్లలందరూ లేచి ఒక్కసారిగా ఏడుపందుకున్నారు.

"ఏమిటిది?" అంది డాక్టరమ్మ.

"పిల్లల కడుపులో ఉండాల్సింది అమ్మగారూ. ఇరవై మూడు వచ్చింది. ఇంత తిరిగొచ్చింది."

"ఎందుకు తాగలేదు?"

రూతమ్మ ఫ్యాను వంక చూసింది. వెంకటరత్నమ్మే చివరికి కొంగు నోటికడ్డం పెట్టుకుని చెప్పింది. "మీరొస్తన్నారంటే దాచేస్తామమ్మా. మీరెళ్ళేసరికి చల్లారిపోద్ది. మీగడ కట్టిందని ఇదేమో మూతి తిప్పుకుంటది."

"రోజూనా?"

"రోజూ వస్తారు గదమ్మా మీరు. ఒక్కరోజన్నా మానరాయె."

డాక్టరమ్మ మెళ్ళో స్టెతస్కోపు తీసి చేతికి చుట్టుకుంది. మళ్ళీ విప్పింది. రెండు నెలల్లో ఒక్కరోజు కూడా అయిదు నిమిషాలు ఆలస్యం కాలేదని ఆ ముందురోజే జానకిరామయ్య గారు ఆవిణ్ణి నలుగురిలో మెచ్చుకున్నారు. కిటికీ అవతల శౌరయ్య గేదె నిగనిగలాడుతూ నెమరు వేస్తోంది.

"రూతమ్మా, నాకు ముందే చెప్పకూడదా?"

"వార్డు శుభ్రంగా ఉందని మీరు సంతోషిస్తుంటేనూ..." అంది రూతమ్మ.

మధ్యాహ్నం వంటగదిలో మణెమ్మ తాళాలు బల్ల మీద పెట్టి, తన సొంత గరిటెలు రెండు గుడ్డలో చుట్టుకుంటోంది. డాక్టరమ్మ ఒక్కతే వచ్చింది. బయట అంట్లు తోమే మనిషి వింటోంది. శౌరయ్య ఉన్నాడు. కూరగాయల బండివాడు ఆ రోజు లేడు గానీ, ఆ లోటు పుల్లయ్య తీర్చాడు, తలుపు పక్కన నిలబడి.

"మణెమ్మా, మొన్న నేనన్నది తప్పు. తిండి పోయింది నా వల్ల. పెద్ద డాక్టరు గారితో మాట్లాడాను. హోటలు వాళ్ళు రావడం లేదు. రౌండ్సు ఇకనుంచి తొమ్మిదిన్నరకు." అందరికీ వినిపించేట్టే అంది. తాళాలు తీసి చేతికివ్వబోయింది.

మణెమ్మ తీసుకోలేదు. "సోమవారం పొద్దున తీసుకుంటానమ్మా."

"ఇంకా కోపమా?"

"కోపం కాదు. పద్దెనిమిదేళ్ళుగా వండుతున్నా. వంటగదివాళ్ళు వార్డులోకి రాకూడదని రూలు. ఒక్క పిల్ల తాగుతుంటే నేను చూడలా. సోమవారం నా పాలు నేనే పట్టుకొస్తా. చూశాక తీసుకుంటా తాళాలు."

సోమవారం ఎనిమిదింటికి డాక్టరమ్మ అలవాటుకొద్దీ గుమ్మంలో ఉంది. తొమ్మిదిన్నర అన్న సంగతి గుర్తొచ్చి, పొద్దున్నే తానే వంటగది తెరిచిన తాళాలు చేతిలోనే పట్టుకుని, వరండాలో బల్ల మీద పిల్లల తండ్రుల మధ్య కూర్చుంది. లోపల మణెమ్మ తలంటుకుని, మంచి చీర కట్టుకుని, మంచం మంచానికీ పాలు పోస్తోంది. పుల్లయ్య డబ్బా మోస్తూ వెనకే నడుస్తున్నాడు. మంగళవారం నుంచి ఆవిడ ఆయనతో మాట్లాడిన మొదటి మాట అక్కడే వచ్చింది.

"నిలబడి చూస్తావేం? ఆ తొమ్మిదో మంచం పిల్లాడి తల పట్టుకో, ఒలకబోసుకుంటన్నాడు."

"పట్టుకున్నా మణీ, పట్టుకున్నా."

సుబ్బరత్నం రెండు చేతులతో గ్లాసు పట్టుకుని గటగటా సగం తాగింది. ఆగింది. పై పెదవి మీద తెల్లటి మీసంతో మణెమ్మను ఎగాదిగా చూసింది.

"పంచదార చాల్లా."

వెంకటరత్నమ్మ నాలుక కరుచుకుంది. "తప్పు, అట్టా అనకూడదు! ఏమీ అనుకోకండి పిన్నిగారూ."

మణెమ్మ ఏమీ అనుకోలేదు. తాగినవాళ్ళ నోటినుంచి తన పాల గురించి ఆవిడ విన్న మొదటి మాట అది. కొంగుతో మొహం తుడుచుకుని పంచదార డబ్బా కోసం గబగబా బయటికి నడిచింది. గుమ్మం దగ్గర డాక్టరమ్మ ఆశగా లేచి నిలబడింది.

"అయిందా?"

"ఇంకా లేదమ్మా" అంది మణెమ్మ, తాళాల కోసం చెయ్యి చాపుతూ. "కూర్చోండి."